ఒక చుక్కకు యాభై ఏళ్లు: రజా బొమ్మలు మారిన తీరు

చిత్రకారుడు సయ్యద్ హైదర్ రజా గురించి ఏ వ్యాసం తెరిచినా ముందు ఒక గోడ ఎదురవుతుంది. మధ్యప్రదేశ్‌లోని మండ్లా ప్రాంతం, అడవిని ఆనుకుని ఉన్న ఊళ్లో చిన్న బడి. అందులో ఒక పిల్లవాడికి పాఠం మీద మనసు నిలవదు. చూపంతా చెట్ల మీదే. నందలాల్ ఝరియా అనే మాస్టారు ఒకరోజు వాణ్ని ఆపి, వరండా గోడ మీద నల్లగా ఒక చుక్క పెట్టి, కాసేపు దీన్నే చూస్తూ కూర్చోమంటారు. వాడు కూర్చుంటాడు. పెద్దయ్యాక ఆ చుక్కే 'బిందువు' అయింది, దేశంలోని అతి ఖరీదైన బొమ్మల్లోకి ఎక్కింది. కథ సమాప్తం.

ఈ కథ అబద్ధమేమీ కాదు. రజా స్వయంగా చాలాసార్లు చెప్పుకున్నదే. చిక్కల్లా లెక్కలో వస్తుంది. రజా 1922లో పుట్టారు. గోడ మీది చుక్క 1930 ప్రాంతపు మాట. బిందువు ఆయన కాన్వాస్ మధ్యలోకి వచ్చి స్థిరపడింది 1980 ప్రాంతంలో. మధ్యలో యాభై ఏళ్లున్నాయి. ఆ యాభై ఏళ్లలో ఆయన బొంబాయి వీధులు వేశారు, కశ్మీర్ కొండలు వేశారు, ఫ్రాన్స్ పల్లెల్లోని చర్చిలు వేశారు, చివరికి చెట్టో ఇల్లో గుర్తుపట్టలేనంతగా రంగును కలిపి పారించారు. చుక్క అంత గట్టిగా మనసులో నాటుకుని ఉంటే ఇంతకాలం ఎక్కడ దాక్కున్నట్టు? గుర్తుపట్టే రూపం లేకుండా బొమ్మలు వేసే నైరూప్య చిత్రకారుడి శైలి ఎలా మారుతుంది, స్ఫూర్తి అనే మాటకు అసలు అర్థమేమిటి అనే ప్రశ్నలన్నీ ఈ ఒక్క ప్రశ్నలో ఇమిడి ఉన్నాయని నా నమ్మకం.

బొంబాయి నుంచి మొదలుపెడదాం. నాగపూర్ ఆర్ట్ స్కూల్లో చదువు ముగించుకుని 1943లో రజా అక్కడికి చేరారు. అచ్చుకు బ్లాకులు తయారుచేసే ఒక స్టూడియోలో ఉద్యోగం, మిగిలిన సమయంలో బొమ్మలు, జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదువు. అప్పటి బొమ్మలు ఎక్కువగా నీటిరంగులు. వానకు తడిసిన రోడ్లు, మసకలో కలిసిపోయే మనుషులు, కిటికీలోంచి కిందికి చూస్తే కనిపించే వీధులు. చేయి చాలా వేగంగా, ధీమాగా కదిలినట్టు తెలిసిపోతుంది. నాజీల వల్ల 1930ల్లో యూరప్ వదిలి బొంబాయి చేరిన వాల్టర్ లాంగ్‌హామర్, రూడి వాన్ లైడెన్, ఎమాన్యుయెల్ ష్లెసింగర్ లాంటివాళ్లు ఈ కుర్రాళ్లను చేరదీసి, యూరప్ చిత్రకళను అచ్చుబొమ్మల్లో చూపించేవారు. 1947లో సూజా, ఆరా, హుసేన్, గాడే, బాక్రేలతో కలిసి రజా ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూప్ అనే యువ కళాకారుల బృందంలో ఉన్నారు. ఈ గ్రూప్ గురించి ఎంతైనా రాయొచ్చు. మన చుక్కకు మాత్రం అక్కడ పెద్దగా పని లేదు.

పనికొచ్చే సంఘటన 1948లో శ్రీనగర్‌లో జరిగింది. అప్పటికే పేరున్న ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ ఆంరీ కార్టియే-బ్రెసాఁ అక్కడ రజా బొమ్మలు చూశారు. నీకు ప్రతిభ ఉంది కానీ ఈ బొమ్మల్లో నిర్మాణం లేదు, ఫ్రెంచ్ చిత్రకారుడు సెజాన్‌ను చదువు అన్నారు. పొగడ్తా చురకా కలగలిసిన మాట. ఇరవై ఆరేళ్ల వయసులో, చేతిలో అంత ఒడుపున్నవాడికి ఇది గట్టిగానే తగిలి ఉండాలి.

నిర్మాణం అంటే? ఇక్కడ కొంచెం ఆగాలి, రజా తర్వాతి జీవితమంతా ఈ మాట చుట్టూనే తిరిగింది కనుక. నీటిరంగుల్లో ఒక సుఖం ఉంది, అదే దాని ప్రమాదం కూడా. తడి కాగితం సగం పని తానే చేసిపెడుతుంది. రంగు తనంతట తాను పాకి, ఒకదాంట్లో ఒకటి కలిసి, చూడముచ్చటగా తయారవుతుంది. అలాంటి బొమ్మలో ఒక మూలనున్న చెట్టును తీసేసినా పెద్ద తేడా రాదు, ఇంకో రెండు చెట్లు కలిపినా రాదు. నిర్మాణమున్న బొమ్మ అలా ఉండదు. రాతిగోడలోంచి ఒక రాయి లాగితే పైవి కదిలినట్టు, అందులో ఒక మచ్చను తీసేస్తే మిగతావన్నీ సడలిపోతాయి. దక్షిణ ఫ్రాన్స్‌లోని సెంత్-విక్తువార్ కొండను సెజాన్ డజన్లకొద్దీ సార్లు వేశారు. దగ్గర వస్తువును పెద్దగా, దూరపు వస్తువును చిన్నగా వేసి లోతు చూపించడం ఆయనకు చాలలేదు. పక్కపక్కనే పెట్టిన రంగు ముక్కలతోనే కొండను కట్టారు. ఎరుపు, నారింజ లాంటి వెచ్చని రంగు కంటికి ముందుకొచ్చినట్టుంటుంది, నీలం లాంటి చల్లని రంగు వెనక్కి జరిగినట్టుంటుంది. ఆ రెంటి తూకంతోనే కొండ నిలబడుతుంది. గీత అక్కర్లేదు, నీడ అక్కర్లేదు. వస్తువు లేకుండా రంగే బొమ్మను మోయగలదనే ఆలోచనకు తలుపు అక్కడ తెరుచుకుంది. సెజాన్ మాత్రం ఆ గడప దాటలేదు. ఆయన కొండ చివరిదాకా కొండే.

రజా ఫ్రెంచి నేర్చుకుని, ఫ్రెంచి ప్రభుత్వ స్కాలర్‌షిప్ సంపాదించి 1950 అక్టోబరులో పారిస్ చేరారు. అంతకుముందు మూడేళ్లలో ఆయన జీవితంలో చాలా కూలిపోయింది. తల్లి 1947లో, తండ్రి 1948లో చనిపోయారు. దేశవిభజన తర్వాత తోబుట్టువులు పాకిస్తాన్ వెళ్లిపోయారు. ఆయన వెళ్లలేదు. తర్వాత అరవై ఏళ్లు ఫ్రాన్స్‌లో ఉన్నా భారత పౌరసత్వం వదులుకోలేదు.

పారిస్‌లో వేసిన మొదటి బొమ్మలు చూస్తే బొంబాయి రజాను గుర్తుపట్టడం కష్టం. 1951 నాటి 'ఓ ద కాఞ్' ఇందుకు మంచి ఉదాహరణ. దక్షిణ ఫ్రాన్స్‌లో కొండ మీది పాత ఊరు. ఇళ్లన్నీ పెట్టెల్లా, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. అంచులు కత్తితో కోసినట్టు పదును. పాకే తడి పోయింది. గువాష్ అనే చిక్కటి, అడుగు కనిపించనివ్వని రంగు వచ్చింది. మనుషులు అస్సలు లేరు. ఈ కాలపు బొమ్మలు కొన్నింటిలో ఆకాశంలో సూర్యుడు నల్లగా ఉంటాడు.

నల్ల సూర్యుడు కనిపించగానే "అదిగో బిందువు!" అనాలనిపిస్తుంది. చాలామంది అన్నారు కూడా. నాకు ఆ తొందర నచ్చదు. ఫలితం తెలిశాక వెనక్కి చూస్తే ప్రతి గుండ్రమూ బిందువులాగే కనిపిస్తుంది. 1951లో ఆ నల్ల గుండ్రం చేసే పని వేరు. తెల్లటి ఇళ్ల బరువు కిందికి లాగుతుంటే పైన దానికి సరితూగే బరువు ఒకటి కావాలి, అది ఆ పని చేస్తోంది. కార్టియే-బ్రెసాఁ చెప్పిన పాఠానికి అది హోంవర్క్ అనుకోవచ్చు. ఖాళీ ఊళ్లలో అన్నీ పోగొట్టుకున్న మనిషి ఒంటరితనం చూసేవాళ్లూ ఉన్నారు. ఉండొచ్చు. అది ఆయన నోటితో చెప్పించడం మాత్రం మన పని కాదు.

తర్వాత చమురురంగులు వచ్చాయి. వాటితోపాటే కట్టిన గోడలు మళ్లీ కూలడం మొదలైంది. 1950ల నడిమికి వచ్చేసరికి రజా చిక్కటి ఆయిల్ కలర్‌ను కత్తితో పూస్తున్నారు. అప్పటి కాన్వాస్ ముందు నిలబడి చూస్తే దూరానికి ఊరు, చర్చి శిఖరం, చెట్లు కనిపిస్తాయి. మూరెడు దూరానికి వస్తే ఊరు మాయం. అక్కడ ఉండేది దున్నిన చాళ్లలా ఎత్తుపల్లాలున్న రంగు. కత్తి అంచు ఎక్కడ ఆగిందో అక్కడ సన్నని గట్టు. నలుపును గీకినచోట కింది పొర ఎరుపు నిప్పుకణంలా బయటికి చూస్తుంది. గదిలో దీపం ఏ వైపు ఉందో దాన్నిబట్టి గట్ల నీడలు మారతాయి. ఇవి ఫొటోలో దొరకవు. రజా అంటే ఫోన్ స్క్రీన్ మీద చూసిన గుండ్రాలే గుర్తొచ్చేవాళ్లు ఈ దశను పూర్తిగా మిస్ అవుతారు. నా మట్టుకు నాకు ఇది ఆయన పనిలో అతి రుచికరమైన భాగాల్లో ఒకటి.

పారిస్‌కూ ఇది నచ్చింది. 1956లో అక్కడి విమర్శకులు ఇచ్చే 'ప్రి ద లా క్రితీక్' బహుమతి ఆయనకు వచ్చింది. ఫ్రెంచివాడు కానివాడికి అది రావడం అదే మొదలు. 1959లో తనతో ఆర్ట్ స్కూల్లో చదివిన జనీన్ మోంజియాను పెళ్లి చేసుకున్నారు. ఆమె కూడా కళాకారిణే. అదే ఏడాది వేసిన 'కల్లిస్తే' అనే బొమ్మ పేరు కార్సికా దీవికి ప్రాచీన గ్రీకులు పెట్టిన పేరు. బొమ్మలో మాత్రం దీవి అనదగ్గది ఏదీ లేదు. మంట, చీకటి, మధ్యలో ఎక్కడో నీలం. ల్యాండ్‌స్కేప్ అనే మాట ఇంకా మిగిలే ఉంది కానీ ల్యాండ్ జారిపోయింది.

ఈ ఏడాదిని గుర్తుపెట్టుకోవాలి. ఎందుకంటే 1962లో ఆయన కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీలో పాఠాలు చెప్పడానికి వెళ్లారు, అక్కడి చిత్రకారుల పని, ముఖ్యంగా మార్క్ రోత్కో బొమ్మలు చూశారు, అందువల్లే నైరూప్యం వైపు మళ్లారు అని క్లుప్తంగా చెప్పేస్తుంటారు. తారీఖులు దానికి ఒప్పుకోవు. రూపం కరగడం అమెరికా చూడకముందే మొదలైంది. మరి రోత్కో ఇచ్చింది ఏమిటి? రోత్కో రంగును పల్చగా చేసి, పొర మీద పొరగా కాన్వాస్‌లోకి ఇంకనిస్తారు. పెద్ద దీర్ఘచతురస్రం, అంచులు మసక, దాని ముందు నిలబడితే రంగు నెమ్మదిగా ఊపిరి తీస్తున్నట్టుంటుంది. ఏ దృశ్యాన్నీ అనుకరించకుండా, ఒట్టి రంగుతో ఒక మనఃస్థితిని నిలబెట్టవచ్చని అక్కడ రుజువైంది. రజా దాన్ని లోపలి చూపుకు తెరుచుకున్న తలుపులా చెప్పుకున్నారు. అప్పటిదాకా ఆయన చర్చినీ ఊరినీ పట్టుకుని వాటిని కరిగిస్తూ వచ్చారు. కరిగించడానికి ముందు ఒక ఊరు ఉండాలనే షరతు ఇక పోయింది.

దీనికి తోడు సరంజామా కూడా మారుతూ వచ్చింది. కళ గురించి రాసేటప్పుడు మనం స్ఫూర్తి, తపన, వేదన అంటూ పేజీలు నింపుతాం గానీ, డబ్బాలో ఏ రంగుంది అనేది పట్టించుకోం. చిక్కగా పూసిన ఆయిల్ కలర్ లోపలిదాకా ఎండాలంటే వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అక్రిలిక్ నిమిషాల్లో ఎండుతుంది, నీళ్లతో పల్చబడుతుంది, ఎండిన పొర మీద వెంటనే ఇంకో పొర వేసినా కింది రంగు కదలదు, అంచు పదునుగా నిలబడుతుంది. ఆయిల్‌లో తిరిగే చేతికి తీరిక ఎక్కువ, అక్రిలిక్‌లో తిరిగే చేతికి వేగం, స్పష్టత ఎక్కువ. రజా క్రమంగా ఆయిల్ వదిలి అక్రిలిక్‌కు వచ్చారు. తర్వాత వచ్చే ఆ చదునైన నలుపులు, గీసి గిరి కట్టినట్టుండే అంచులు అక్రిలిక్ లేకుండా అలా వచ్చేవి కావు. బిందువుకు గోడ మీది చుక్క ఎంత అవసరమో ఈ డబ్బా కూడా అంతే అవసరం.

1970ల మొదట్లో రజా పరిస్థితి బయటివాళ్లకు బ్రహ్మాండంగా కనిపించి ఉంటుంది. బహుమతి ఉంది, గ్యాలరీలున్నాయి, ఫ్రాన్స్‌లో పేరుంది. ఆయనకే తన పని మీద తృప్తి లేదు. పారిస్‌లో రంగును అంత చక్కగా పూసేవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. వాళ్లలో ఒకడిగా బతకడానికి ఇంత దూరం రావాలా అనే ప్రశ్న ఆయన్ని తొలిచింది. ఇండియాకు రాకపోకలు పెరిగాయి. అజంతా, ఎల్లోరా, బెనారస్, గుజరాత్, రాజస్థాన్ తిరిగారు.

ఇక్కడే అడవి తిరిగొస్తుంది. రజా తండ్రి అటవీశాఖలో ఉద్యోగి. మండ్లా అడవుల్లో చిన్నప్పటి రాత్రుళ్లంటే ఆయనకు భయం. చిమ్మచీకటి, దూరంగా గోండుల నృత్యాలు మాత్రం మనుషులున్నారనే ధైర్యం. తెల్లారాక వెలుగు, సంతరోజు రంగులు. ఆ చీకటీ ఆ వెలుగూ 'లా తేర్' పేరుతో వేసిన బొమ్మల్లో వరసగా వచ్చాయి. లా తేర్ అంటే భూమి. పేరు ఫ్రెంచి, మట్టి నర్మద ఒడ్డుది. కాన్వాస్‌లో చాలా భాగం నలుపు, దాన్ని చీల్చుకుంటూ ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. ఆ నలుపు దేనికీ నీడ కాదు, అడ్డుగా వేసిన తెర కాదు. మిగతా రంగులు పుట్టుకొచ్చే నేల. కాంతిలో అన్ని రంగులూ కలిస్తే తెలుపు అవుతుంది, డబ్బాలోని రంగులన్నీ కలిపితే నలుపు వైపు పోతుంది. బొమ్మలు వేసే ప్రతి పిల్లవాడికీ నీళ్ల గ్లాసులో ఇది తెలిసిపోతుంది. అన్ని రంగులకూ నలుపే తల్లి అని రజా అనడంలో తత్త్వం ఎంతుందో ఈ గ్లాసు అనుభవమూ అంతే ఉంది.

రాజస్థాన్ నుంచి ఆయన తెచ్చుకున్నది ఒంటెలూ కోటలూ కాదు. పాత రాజపుత్ర, మాళవ సూక్ష్మచిత్రాల అమరిక. ఆ చిత్రాల్లో కథ గదులు గదులుగా ఉంటుంది. ఒక గదిలో నాయిక ఎదురుచూస్తుంటుంది, దాని వెనక ఒట్టి ఎరుపు. పక్క గదిలో ఖాళీ పాన్పు, వెనక ఒట్టి నలుపు. చుట్టూ మందపాటి అంచు. రంగు వెలుతురును చూపించదు, భావాన్ని చూపిస్తుంది. రజా కథనూ నాయికనూ తీసేసి గదుల్ని ఉంచుకున్నారు. 1983 నాటి 'సౌరాష్ట్ర' చూడండి. రెండు మీటర్ల చదరం కాన్వాస్, గదులుగా విడిపోయింది. కొన్ని గదుల్లో పాత రజా ఉన్నారు, మట్టి రంగుల్లో చేయి స్వేచ్ఛగా ఊగిన గుర్తులు కనిపిస్తాయి. ఒక గడిలో మాత్రం చేయి ఊగడం ఆగిపోయి నల్ల గుండ్రం కూర్చుని ఉంది. పదునైన గడులు సెజాన్ పాఠం, ఊగే రంగు పారిస్, అమెరికాల నుంచి వచ్చింది, అంచులు రాజస్థాన్‌వి, గుండ్రం మండ్లాది. అన్నీ ఒకే ఇంట్లో అద్దెకున్నట్టు. 2010లో లండన్ వేలంలో ఇది 24 లక్షల పౌండ్లకు, అంటే అప్పట్లో 16 కోట్ల రూపాయలకు పైనే పలికింది.

ఆ యాభై ఏళ్లూ చుక్క ఎక్కడుందన్న ప్రశ్నకు నా జవాబు ఇదీ: చుక్క ఆయన జ్ఞాపకంలోనే ఉంది, కానీ అది బొమ్మ కాదు, ఒక పిల్లవాడికి పడిన చిన్న శిక్ష మాత్రమే. దాన్ని బొమ్మగా చూడాలంటే ముందు సెజాన్ నుంచి తూకం తెలియాలి, రోత్కో నుంచి వస్తువు లేకుండా నిలబడడం తెలియాలి, అక్రిలిక్ నలుపు చేతికి రావాలి. స్ఫూర్తి ముందు, నైపుణ్యం తర్వాత అని మనం అనుకుంటాం. రజా విషయంలో నైపుణ్యం వచ్చాకే తన స్ఫూర్తి ఏదో ఆయనకు కనిపించింది. 1940ల్లో ఆయన్ని అడిగి ఉంటే ఆ గోడ గుర్తొచ్చేదా అని నాకు అనుమానం.

అంత చిన్న గుండ్రంలో ఏముందో చేత్తో చూడొచ్చు. తెల్లకాగితం మీద రూపాయి బిళ్లంత నల్లకాగితం ముక్కను గుండ్రంగా కత్తిరించి పెట్టండి, అంటించకండి. సరిగ్గా మధ్యలో ఉంచితే కాగితం అంతా దాని చుట్టూ బిగుసుకుంటుంది, కదలదు. ఒక వేలెడు పైకి జరిపితే గుండ్రం తేలుతుంది. కిందికి జరిపితే బరువెక్కుతుంది. మూలకు తోస్తే ఇప్పుడో ఇంకాసేపటికో కాగితం వదిలి వెళ్లేలా టెన్షన్ పెడుతుంది. గుండ్రం మారలేదు, చుట్టూ ఉన్న ఖాళీ మారింది. ఇప్పుడు గుండ్రం చుట్టూ పెన్సిల్‌తో లేత బూడిదరంగు వలయాలు వేయండి. అప్పటిదాకా కాగితానికి పడిన రంధ్రంలా ఉన్నది కాస్తా లోపలికి లాగే లోతు అవుతుంది, లేదా బయటికి వ్యాపించే మోత అవుతుంది. ఎటన్నది మీరు ఎంతసేపు చూశారన్న దాన్నిబట్టి ఉంటుంది. ఇంకొకటి: ఆ చుక్కనే అరనిమిషం రెప్పవేయకుండా చూసి, పక్కనున్న ఖాళీ కాగితం మీదికి చూపు తిప్పండి. అక్కడ కాగితం కంటే తెల్లటి చుక్క ఒకటి తేలి, మెల్లగా ఆరిపోతుంది. నల్లదాన్ని చూసిన కన్ను వెలుగును పుట్టిస్తుంది. మాస్టారు అంత ఆలోచించి పెట్టి ఉండరు కానీ, ఆ వరండాలో కూర్చున్న పిల్లవాడి కళ్లు ఈ పని చేసే ఉంటాయి.

1980ల నుంచి రజా ఈ చుక్కకు తోబుట్టువుల్ని కూడగట్టారు. త్రిభుజం పైకి చూస్తే పురుషుడు, కిందికి చూస్తే ప్రకృతి. అడ్డగీత, నిలువుగీత. విత్తనం, మొలక, సర్పం. నలుపు, తెలుపు, ఎరుపు, నీలం, పసుపు అనే అయిదు రంగులు పంచభూతాలకు. బిందు, అంకురణ్, పంచతత్త్వ లాంటి పేర్లు వచ్చాయి. కాన్వాస్ మీదికి దేవనాగరి అక్షరాలు కూడా దిగాయి. 1981 నాటి 'మా' అనే పెద్ద బొమ్మలో, అమ్మ దగ్గరికి తిరిగొచ్చేటప్పుడు ఏం తీసుకొస్తానని తనను తాను అడిగే హిందీ కవితా వాక్యం ఉంది. రాసిన కవి ఆయన స్నేహితుడు అశోక్ వాజ్‌పేయి. ముప్పై ఏళ్లుగా ఫ్రాన్స్‌లో ఉంటున్న మనిషి, తల్లి పోయిన ముప్పై నాలుగేళ్లకు ఆ వాక్యాన్ని తన చేత్తో కాన్వాస్ మీద రాసుకోవడం గురించి వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఇదంతా తాంత్రిక చిత్రకళేనా? 1960లు, 70ల్లో మన దేశంలో తంత్రసాధనలో వాడే యంత్రాలు, మండలాలు అనే రేఖాచిత్రాల ఆధారంగా నైరూప్య బొమ్మలు వేసినవాళ్లు చాలామందే ఉన్నారు. బీరేన్ దే, జి.ఆర్. సంతోష్ పేర్లు ముందు వస్తాయి. మన కరీంనగర్ ప్రాంతపు పి.టి. రెడ్డి గారూ ఆ దారిలో గట్టి పనే చేశారు, ఆయన పేరు మనవాళ్లకే సరిగ్గా తెలియకపోవడం వేరే బాధ. విమర్శకులు రజాను కూడా ఆ అరలో సర్దేస్తుంటారు. పదజాలం ఒకటే, అందులో సందేహం లేదు. కానీ యంత్రానికి ఒక విధి ఉంటుంది, ఏ కోణం ఎక్కడుండాలో శాస్త్రం చెబుతుంది. రజా బొమ్మలో ఆ నిర్ణయం కంటిది. త్రిభుజం కొంచెం ఎడమకు జరిగిందంటే శాస్త్రం చెప్పినందుకు కాదు, అక్కడ ఆ ఎరుపుకు బరువు చాలనందుకు. కొండ మీది ఇళ్లకు నల్ల సూర్యుడితో తూకం వేసిన చేయి ఇంకా పని చేస్తూనే ఉంది.

చివరి ఇరవై ఏళ్ల బొమ్మల గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. చాలా ఉన్నాయి, చాలా ఒకేలా ఉన్నాయి. 1980ల్లో గదుల మధ్య కనిపించే పోరాటం, చేయి ఊగడానికీ గీత ఆపడానికీ మధ్య జరిగే లాగులాట, తర్వాత్తర్వాత తగ్గిపోయింది. గీతే గెలిచింది. గెలిచాక చూడ్డానికి ప్రశాంతంగా ఉంటుంది, కొన్నిసార్లు మరీ ప్రశాంతంగా, క్యాలెండర్ బొమ్మకు దగ్గరగా. ఈ మాట ఆయన చెవిన పడకపోలేదు. దానికి ఆయన జవాబు జపం. ఒకే నామాన్ని వందలసార్లు జపిస్తే ఒక స్థితి వస్తుంది కదా, ఒకే రూపాన్ని మళ్లీ మళ్లీ వేయడమూ అలాంటిదే అనేవారు. వేసేవాడికి అది నిజమే అయి ఉండొచ్చు. జపమాల తిప్పేవాడికి నూట ఎనిమిదో పూస దగ్గర కలిగేది పక్కన కూర్చుని చూసేవాడికి కలగదు. 1970ల నడిమి నుంచి 80ల చివరిదాకా వచ్చిన రజాయే నాకు ఎక్కువ రజా. మార్కెట్ కూడా ఈ విషయంలో నాతో ఏకీభవించినట్టుంది. 1989 నాటి 'జెస్టేషన్' 2023లో ముంబై వేలంలో 51.75 కోట్ల రూపాయలకు పోయింది. మార్కెట్ ఒప్పుకుందని సంబరపడడం తెలివైన పని కాదని తెలుసు, ఊరికే చెబుతున్నా.

గుండ్రం వేయడం తేలిక అనుకునేవాళ్లు నకిలీలు తయారుచేసేవాళ్లలోనూ ఉన్నారు. 2009 జనవరిలో ఢిల్లీలో తన పేరుతో పెట్టిన ఒక ప్రదర్శనను ప్రారంభించడానికి రజా వెళ్లారు. అప్పటికి ఆయనకు 86 ఏళ్లు. గోడల మీది బొమ్మల్ని ఒక్కొక్కటే చూస్తూ వచ్చి, వాటిలో చాలావరకు తనవి కావని తేల్చారు. ప్రదర్శన మూతపడింది.

జనీన్ 2002లో చనిపోయారు. దక్షిణ ఫ్రాన్స్‌లో కొండ మీద గోర్బియో అనే ఊళ్లో వాళ్లిద్దరూ ఏటా వేసవిలో పనిచేసుకునే ఇల్లు ఉంది. ఓ ద కాఞ్ లాంటిదే, రాతి ఇళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే పాత ఊరు. 1951లో బొమ్మలో కట్టిన ఊరి లాంటి ఊళ్లో కూర్చుని ఆయన దశాబ్దాలపాటు నర్మదనూ సాత్పురా అడవినీ వేశారు. 2010 చివర్లో ఢిల్లీకి తిరిగొచ్చేశారు. కుర్చీలో కూర్చునే అయినా బొమ్మ వేయడం ఆపలేదు. 2016 జులై 23న, 94 ఏళ్ల వయసులో పోయారు. ఆయన కోరిక ప్రకారం మండ్లా తీసుకెళ్లి, తండ్రి సమాధి పక్కనే ఖననం చేశారు.